ఈసారి వంతు అక్కది

ఆగస్టు 2

వీధి చివర ఆరోగ్య కేంద్రం గోడకి మళ్ళీ కాగితం అతికించారు. యాభై దాటినవాళ్ళు, ఉబ్బసం, షుగరు ఉన్నవాళ్ళు ఇంకో కరోనా బూస్టరు వేయించుకుంటే మంచిదట. ఆ లెక్కన మా టైలరింగు షాపు మొత్తం కదిలి వెళ్ళాలి. షాపు మొత్తం అంటే ఇద్దరం. అక్కకి ఉబ్బసం, నాకు షుగరు. ఆస్తులు లేకపోయినా తోడికోడళ్ళం జబ్బులు మాత్రం సమానంగా పంచుకున్నాం అంటుంది అక్క.

మధ్యాహ్నం టీ తాగుతూ కాగితం సంగతి చెప్పాను. అక్క కత్తెర ఆపకుండానే, "ఎవరి వంతే?" అంది.

"నీదే. పోయినసారి ముందు నేను వెళ్ళాను."

"అవును కదూ," అంది. అంతే.

ఈ వంతులు పెట్టింది అక్కే. మొట్టమొదటిసారి ఇద్దరం ఒకే రోజు వెళ్ళి, ఒకేసారి జ్వరాలు తెచ్చుకుని, షాపు మూసి మంచాలెక్కాం. ఆ వారంలోనే ఒక బడివాళ్ళ యూనిఫారాలు ఎదురు షాపుకి పోయాయి. అప్పటినుంచీ ఒకరు సూది వేయించుకుని లేచి కూర్చున్నాకే రెండోవాళ్ళు బయల్దేరాలి. అక్క కత్తిరిస్తుంది, నేను కుడతాను. ఆవిడ కత్తెర నేను ముట్టను, నా మిషను ఆవిడ తొక్కదు. ఒక్కరు పడుకున్నా బండి ఈడ్చుకుంటూ పోతుంది గానీ ఇద్దరూ పడుకుంటే షట్టరు దించాల్సిందే. షట్టరు దించడమంటే అక్కకి ప్రాణం మీదికొచ్చినట్టే.

ఆగస్టు 4

ఇక్కడ కూడా అబద్ధం రాయడం దేనికి? నాకు వెళ్ళాలని లేదు. పోయినసారి భుజం వాచి, గుడ్డని సూది కిందికి తోస్తుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ మూడు రోజులూ కుట్టిన కాలర్లు ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గు. ఇవాళ జిప్పు మార్పించుకోవడానికి వచ్చిన ఒకావిడ, "ఇంకెన్నిసార్లు పొడుస్తారండీ, మనమేమైనా గుండుసూదుల దిండా?" అంది. నవ్వాను. నవ్వేటప్పుడు మనసులో కొంచెం ఆవిడ పక్షమే అయ్యాను.

మా ఆయనని అడిగాను. ఆయన పనిచేసే బస్సు డిపోలో ఇవాళే అందరికీ వేశారట, ఆయన వేయించుకుని కూడా వచ్చేశాడు, నాతో ఒక్క ముక్క చెప్పకుండా.

"నొప్పి లేదా?"

"ఉంది. చెప్తే పోతుందా?"

ఈయనతో మాట్లాడటం కన్నా మిషనుతో మాట్లాడటం నయం.

అయినా ఇప్పుడు నేను తేల్చుకోవాల్సింది ఏముంది? ఈసారి వంతు అక్కది. అక్క వెళ్ళొచ్చాక చూద్దాం.

ఆగస్టు 7

అక్క వెళ్ళలేదు.

ఆగస్టు 10

మాకున్న ఇంకో బడి మేడం మనిషి గుడ్డ తాన్లు దింపి వెళ్ళాడు. నీలం, తెలుపు. చొక్కాలు, ప్యాంట్లు, గౌన్లు. పిల్లలకి రెండో జత, దసరా సెలవుల్లోపు ఇవ్వాలి. ఏటా ఉండేదే, ఏటా ఇద్దరం గుండెలు బాదుకునేదే. అక్క తాను అంచు వేళ్ళ మధ్య నలిపి చూసి, "పోయినేటి కన్నా పలచన," అని పెదవి విరిచింది. గుడ్డ మంచిదని ఆవిడ నోట నేనింతవరకు వినలేదు.

ఎప్పుడు వెళ్తున్నావని అడుగుదామనుకున్నాను. అడగలేదు. అడిగితే, "నాకు తీరట్లేదు, ఈసారికి నువ్వు ముందు వెళ్ళిరా," అంటుందేమో.

ఆగస్టు 13

అక్కకేమైంది? మామూలుగా నేను ఒక రోజులో ఎంత కుట్టగలనో అంతే కత్తిరిస్తుంది. బల్ల మీద ఎక్కువ ముక్కలుంటే ఒక సైజు చేతులు ఇంకో సైజువాటితో కలిసిపోతాయని ఆవిడే చెప్పింది నాకు. అలాంటిది మూడు రోజులుగా వెనక ఎవరో తరుముతున్నట్టు కత్తిరించి పడేస్తోంది. చొక్కా వీపులు, జేబులు, చేతులు, కట్టలు కట్టి నా కుర్చీ పక్కన పేరుస్తోంది. కాలు చాపుకోవడానికి చోటు లేదు.

"ఏమిటక్కా ఈ తొందర?" అంటే, "కానీలే, ఉంటే పాడవుతాయా?" అంది.

పాడు కావు. కానీ ఆ కొండని చూస్తుంటే నా నడుము ముందే నొప్పెడుతోంది.

ఆగస్టు 16

ఇవాళ గొడవైంది.

బడి మేడం కొలతల కోసం ఇద్దరు పిల్లల్ని తీసుకొచ్చింది. లోపలికి అడుగు పెట్టగానే నా పక్కన ఉన్న కట్టల్ని చూసి, "అయ్యో, ఇంకా ఇంత కుట్టాలా? అక్కగారి పని అయిపోయినట్టుందే," అంది. మాట మెత్తగానే అంది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. పొద్దున్నుంచీ తల ఎత్తకుండా కుడుతున్నదాన్ని నేను, పనిమంతురాలిలా కనబడేది ఆవిడ.

మేడం వెళ్ళాక లేచి అక్క చేతిలోంచి కత్తెర లాక్కున్నాను. అంత పని ఎప్పుడూ చెయ్యలేదు. ఆ కత్తెర ముట్టుకోవడమే మొదటిసారి. అనుకున్న దానికన్నా బరువుగా ఉంది.

"కుట్టేదాన్ని నేను. నాకు ఎంత కావాలో అంత కత్తిరించు చాలు. నేనేదో నత్తలా పాకుతున్నానని ఊరందరికీ చూపించక్కర్లేదు."

"అది కాదే..." అంది అక్క.

"ఏది కాదు? నాకేం వినక్కర్లేదు."

కళ్ళలో నీళ్ళొచ్చేశాయి నాకు. అక్క నా మొహం చూసింది. తర్వాత చెయ్యి చాపి, "సరేలే, ఇటివ్వు. అంతే కత్తిరిస్తాలే," అంది. ఆ చెయ్యి నేను ఇచ్చేదాకా అలాగే చాపి ఉంది.

బాగానే అన్నాను. అనాల్సిందే. ఎన్నాళ్ళని ఊరుకుంటాం?

ఆగస్టు 17

ఇవాళ కుర్చీ పక్కన శుభ్రంగా ఉంది. పాత కట్టల్ని అటక మీద పెట్టి, రోజుకి సరిపడా తీసిస్తోంది. అవి అయ్యేదాకా కొత్తది కత్తిరించదట. అలాగే కానీ. అక్క స్టూలు మీద ఊరికే కూర్చుని గుండీలు రంగుల వారీగా ఏరుకుంటోంది. హాయిగా ఉంది. ఒక్క మాట గట్టిగా అంటే ఎంత తేడా!

ఆగస్టు 21

అక్క ఇంకా వెళ్ళలేదు. భయపడుతోందేమో. పైకి ఎంత గంభీరంగా ఉన్నా సూదంటే ఆవిడకి భయమే అయ్యుంటుంది. రోజంతా గుండుసూదులు పళ్ళ మధ్య పెట్టుకుని తిరిగే మనిషికి సూదంటే భయం! ఈ సంగతి మా ఆయనకి చెప్తే నవ్వుతాడు.

నేను మాత్రం అడగను. వంతు ఆవిడది.

ఆగస్టు 22

అటక మీద కట్టలు అయిపోయాయి. అక్క మళ్ళీ ఏ రోజుకారోజు కత్తిరిస్తోంది.

ఆగస్టు 25

అక్కకి దగ్గు. గుడ్డ దుమ్ము అంది. పలచ గుడ్డకి దుమ్మెక్కువట. మాట్లాడితే గుడ్డని తిట్టడమే.

ఆగస్టు 27

దుమ్ము కాదు.

పొద్దున పైగదిలోంచి దిగలేదు. బావగారు పోయినప్పటినుంచీ అక్కడ ఒక్కతే పడుకుంటుంది. టీ తీసుకుని వెళ్తే మంచం పట్టె పట్టుకుని కూర్చుని ఉంది, ఊపిరి పిల్లిపిల్ల అరిచినట్టు వస్తోంది. "షట్టరు తీశావా?" అని అడిగింది. అంత అవస్థలో మొదట అడిగిన మాట అది.

మా ఆయన బండి తెచ్చాడు. పరీక్ష చేశారు. అదే. వెంటనే చేర్చుకున్నారు.

ఆగస్టు 28

లోపలికి రానివ్వలేదు.

ఆగస్టు 30

షాపు తెరిచాను. మిషను ముందు కూర్చున్నాను. దారం ఎక్కించాను. బాబిన్ నింపాను. కుట్టడానికి చెయ్యి చాపితే పక్కన ఏమీ లేదు.

అవతల బల్ల మీద సగం తాను మడత పెట్టి అలాగే ఉంది. సుద్దగీతలు సగంలో ఆగిపోయాయి. నేను కుట్టగలను, కత్తిరించలేను. నాకు ఎంత కావాలో అంత కత్తిరించు చాలని అన్నాను కదా, సరిగ్గా అంతే ఉంది.

ఏదో తెలుస్తున్నట్టుంది. ఇవాళ రాయను.

సెప్టెంబరు 1

డాక్టరు చిన్నది, మా కోడలు కాగల వయసు. మాస్కు లోంచి అడిగింది. "ఈమధ్య బూస్టరు వేయించుకున్నారా?"

"లేదండీ."

"ఉబ్బసం ఉంది కదా, ఎందుకు వేయించలేదు?"

"ఈసారి వంతు ఆవిడదేనండీ," అన్నాను.

"వంతేమిటి?"

చెప్పడం మొదలుపెట్టాను. కత్తెర, మిషను, ఒకరి తర్వాత ఒకరు. రెండు మాటలు చెప్పేసరికి నాకే అదంతా పిచ్చివాళ్ళ మాటలా వినబడింది. ఆ అమ్మాయి ఓపిగ్గా విని, "వేయించుకుంటే అసలు వచ్చేది కాదని చెప్పలేనమ్మా. ఇంత దూరం రాకపోయేదేమో. అదైనా ఎవరూ గట్టిగా చెప్పలేరు," అంది. ఓదార్చడానికే అంది. ఆ 'ఏమో' పట్టుకుని ఇంటిదాకా నడిచాను. బస్సు ఎక్కాలన్న సంగతే గుర్తురాలేదు.

సెప్టెంబరు 3

బడి బట్టలు. నేనే కత్తిరిద్దామని అక్క కొలతల అట్టముక్కలు పెట్టి గీశాను. మొదటి చొక్కాకి రెండు చేతులూ ఎడమవే వచ్చాయి. నేల మీద కూర్చుని ఏడ్చాను. అప్పుడే ఎదురు షాపు మాస్టరు వచ్చాడు. ఇన్నేళ్ళూ మేము తిట్టిపోసిన మనిషి. గుమ్మంలో నిలబడి, "అక్కగారికెలా ఉంది?" అన్నాడు. నా చేతిలో ఉన్న రెండు ఎడమ చేతుల్నీ చూశాడు. వెళ్ళి తన కత్తెర తెచ్చుకుని సాయంత్రందాకా మా బల్ల మీద కత్తిరించి ఇచ్చాడు. టీ ఇస్తే పంచదార తక్కువైందన్నాడు.

సెప్టెంబరు 6

ఇవాళ లోపలికి రానిచ్చారు. ముక్కుకి పెట్టిన గొట్టం తీసేశారు. అక్క సగానికి సగమైంది. చేతి ఎముకలు పైకి కనబడుతున్నాయి. పక్కన కూర్చున్నాను. ముందు మాస్టరు సంగతి చెప్పాను. "వాడి భుజం కోత ఎప్పుడూ వదులే. కుట్టేటప్పుడు కొంచెం లోపలికి పట్టు," అంది. నవ్వొచ్చింది. నవ్వాక ధైర్యం వచ్చి అడిగేశాను.

"అక్కా, ఎందుకు వెళ్ళలేదు నువ్వు? సూదంటే భయమా?"

"నాకెందుకే భయం?" ఒక్కో మాటకీ ఆగి ఊపిరి తీసుకుంటోంది. "వెళ్దామనే అనుకున్నాను. నేను రెండు మూడు రోజులు పడుకుంటే నీ మిషను ఖాళీగా ఉండిపోతుంది కదా. ఆ రోజులకి సరిపడా ముందే కత్తిరించి పడేసి వెళ్దామనుకున్నాను. నువ్వు వద్దన్నావు."

అంతే అంది. నిష్ఠూరం లేదు. దారం ఏ రంగు వాడావంటే చెప్పినట్టు చెప్పింది.

"చెప్పొచ్చు కదక్కా."

"చెప్పబోయాను. నువ్వు అప్పటికే ఏడుస్తున్నావు. ఉన్న కట్టలు నీ మీద పడేసి వెళ్తే ఇంకా ఏడుస్తావనిపించింది. సరే, దీని కోపం తగ్గాక మళ్ళీ మెల్లిగా పేరుద్దాంలే అనుకున్నాను."

ఇంతలో నర్సు వచ్చి మందులిచ్చింది. నన్ను లేవమంది.

సెప్టెంబరు 7

చెప్పొచ్చు కదా.

సెప్టెంబరు 8

నోరుందిగా ఆవిడకి. నా పుట్టింటివాళ్ళని అనడానికి వచ్చింది, నా కాజాలు వంకరని అనడానికి వచ్చింది. 'నేను సూదికి వెళ్తున్నాను, అందుకే కత్తిరిస్తున్నాను' అని ఒక్క ముక్క చెప్పడానికి రాలేదా? నేనేమైనా జోస్యం చెప్పేదాన్నా? కట్టలు చూసి మనసులో మాట కనిపెట్టాలా?

కనిపెట్టాలి. ఇన్నేళ్ళుగా ఆవిడ సుద్దగీత ఏ మూల ఆగితే అక్కడ ఏ కుట్టు వెయ్యాలో చెప్పకుండానే తెలిసింది నాకు. ఇదొక్కటీ తెలియలేదు. తెలుసుకోవాలని లేదు గనక తెలియలేదు. ఆవిడ వెళ్ళొస్తే తర్వాత వంతు నాది కదా.

సెప్టెంబరు 15

అక్కని ఇంటికి తెచ్చాం. మెట్ల మీద మూడుసార్లు కూర్చుంది.

సెప్టెంబరు 30

మా ఆయన ఇవాళ అన్నం కలుపుతూ, "నువ్వెప్పుడు వేయించుకుంటావు?" అన్నాడు.

"నాకిప్పుడెందుకు?"

"షుగరు పెట్టుకుని ఎందుకంటావేమిటి?"

"అక్కకి లేనిది నాకెందుకు?"

ఆయన ముద్ద కింద పెట్టాడు. "నువ్వూ పడుకుంటే మీ ఇద్దరికీ నేను వండాలి. నా వంట తిని వదిన, నువ్వు ఇద్దరూ పోతారు. ఆ పాపం నాకొద్దు." ఎప్పుడూ ఇంత పొడుగు మాట మాట్లాడడు. కళ్ళు తుడుచుకున్నాడేమో, చూడనట్టు మంచినీళ్ళకి లేచాను.

ఆయన చెప్పింది నిజమే. నేను సూది మానేస్తే అక్కకి ఒరిగేదేమీ లేదు. అయినా కాళ్ళు అటు నడవట్లేదు. గోడ మీద కాగితం సగం చిరిగి వేలాడుతోంది.

అక్టోబరు 19

అక్క షాపులోకి దిగింది. కత్తెర పట్టుకుని నాలుగు అంగుళాలు కత్తిరించి, బల్ల మీద చెయ్యి ఆనించి నిలబడిపోయింది. గుడ్డ అంచు ఎలక కొరికినట్టు వచ్చింది. దాన్ని మడిచి తన ఒళ్ళో దాచుకుంది. నేను చూడనట్టే మిషను తొక్కాను. కింద గుడ్డ లేదు. ఊరికే తొక్కాను.

అక్టోబరు 20

అక్క స్టూలు మీద, నేను బల్ల దగ్గర. "గీత బయటినుంచి పట్టు. బయటినుంచి! గీతని తినెయ్యకు." కత్తెర ఇప్పుడు నా చేతిలో ఉంది. ఈసారి లాక్కోలేదు. ఆవిడే ఇచ్చింది. లాక్కున్న రోజే తేలిగ్గా ఉన్నట్టుంది.

నవంబరు 11

నేను కత్తిరించిన మొదటి చొక్కాని అక్క అటూ ఇటూ తిప్పి చూసి, "తొడుక్కోవచ్చు," అంది. ఆవిడ నోట అంతకన్నా రాదు.

డిసెంబరు 8

చిన్న డాక్టరు ఇప్పుడు అక్క కూడా వేయించుకోవచ్చంది. ఊపిరి ఇంతకన్నా బాగుపడుతుందా అని అడిగాను. కాగితాలు సర్దుకుంటూ, జాగ్రత్తగా చూసుకోమంది.

ఇంటికొచ్చాక అక్క వేళ్ళు ముడుస్తూ లెక్క మొదలుపెట్టింది. "నువ్వు ముందు వెళ్ళు. నువ్వు లేచాక నేను. నా చేత పనేం కాదు కదా, నేనెప్పుడు పడుకున్నా ఒకటే."

"వంతులు లేవక్కా. ఇద్దరం రేపే. షాపు మూసేద్దాం."

"ఇద్దరమా? షట్టరు దించితే వచ్చినవాళ్ళు ఏమైపోతారు? తలుపు కొట్టి కొట్టి ఎదురు షాపుకి పోరూ?"

"పోనీ."

"పోనీ ఏమిటే? మొదటిసారి ఏమైందో మర్చిపోయావా? ఆ ఒక్కసారికే బడి పోయింది. అందుకే కదా అప్పటినుంచీ ఇంత కష్టపడి వంతులు పాటించింది." దగ్గు వచ్చింది. వీపు రాశాను. దగ్గు తగ్గాక, "సరే, నీ ఇష్టం," అంది. ఆవిడ అంత త్వరగా ఒప్పుకుంటుందనుకోలేదు. ఒప్పుకోకపోయినా బాగుండేది.

డిసెంబరు 9

ఆరోగ్య కేంద్రంలో ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. ఏ చెయ్యని అడిగింది నర్సమ్మ. "దీనికి ఎడమ చేతికి వెయ్యండి, కుడిది కత్తెర చెయ్యి," అంది అక్క. తనకి ఏదైనా ఒకటేనంది. సూది గుచ్చుతుంటే తల తిప్పుకోకుండా గుచ్చినచోటే చూస్తూ కూర్చుంది. ఆవిడకి భయమట!

దారిలో మూడుచోట్ల ఆగాం. ఇంటికొచ్చి అట్టముక్క వెనక 'రెండు రోజులు సెలవు' అని సుద్దతో రాసి షట్టరుకి తగిలించాను. దించుతుంటే పెద్ద చప్పుడైంది. మెట్ల మీద అక్క చెవులు మూసుకుంది.

డిసెంబరు 10

ఇద్దరికీ జ్వరం. పైగదిలో ఒకే మంచం మీద పడుకున్నాం. మా ఆయన చారు పెట్టాడు. అక్క ఒక గుక్క తాగి, "మరిదీ, నువ్వు నిజమే చెప్పావు," అంది. ముగ్గురం నవ్వాం.

పైనుంచి షట్టరు చప్పుడు వినబడదు. మాటిమాటికీ అక్క తల ఎత్తి చెవి ఒగ్గుతోంది.

డిసెంబరు 11

నా జ్వరం తగ్గింది. అక్కకి నిద్ర పట్టాక కిందికి దిగి వెళ్ళాను.

షట్టరు ముందు ఎవరూ లేరు. కింది సందులో ఒక్క చీటీ లేదు. అట్టముక్క పెట్టింది పెట్టినట్టే ఉంది. ఎదురు షాపు మాస్టరు గుమ్మంలో నిలబడి గుండీలు కుట్టుకుంటున్నాడు. అటు వెళ్ళి, మా కోసం ఎవరైనా వచ్చారా అని అడిగాను.

"ఎవరూ రాలేదమ్మా. నిన్న ఒకావిడ వచ్చి బోర్డు చదువుకుని, సరే ఎల్లుండి వస్తానని వెళ్ళింది. అంతే."

"మొదటిసారి మేం మూసినప్పుడు ఆ బడివాళ్ళు మీ దగ్గరికి వచ్చారు కదా."

మాస్టరు దారం కొరికి, గుర్తు చేసుకున్నాడు. "వాళ్ళా? వాళ్ళు అంతకు ముందు నెలే నాకు గుడ్డ ఇచ్చి వెళ్ళారు. వాళ్ళ గుమాస్తా మా బావమరిది కదా."

వీధి మామూలుగానే ఉంది. షట్టరు దిగి ఉన్నా ఎవరికీ ఏ లోటూ జరగలేదు. రెండు రోజులు. ఆగస్టులో ఏ రెండు రోజులు దించినా ఇంతే అయ్యుండేది.

మెల్లిగా మెట్లెక్కి వచ్చాను. అక్క లేచి దిండుకి ఆనుకుని కూర్చుంది. ఊపిరి సన్నగా కూస్తోంది. నేను కిందికి వెళ్ళానని తెలిసిపోయింది. నా మొహంలోకి చూస్తూ, "ఎవరైనా వచ్చారా?" అంది.

ఆవిడ పక్కన కూర్చుని దుప్పటి సర్దాను.

"వచ్చారక్కా. నిన్నట్నుంచీ ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు. షట్టరు బాది బాది తిట్టుకుంటూ పోయారట. మాస్టరు చెప్పాడు."

అక్క మొహం తేటపడింది. దిండు మీదికి వాలి తృప్తిగా కళ్ళు మూసుకుంది.

"చూశావా? నేను చెప్పలేదూ?"

"చెప్పావక్కా," అన్నాను.